లాల్‌బాగ్ కొండ మీది కెంపేగౌడ బురుజు: నాటి పొలిమేర, నేటి నడిబొడ్డు

బెంగళూరులోని లాల్‌బాగ్ ఉద్యానవనంలో, చెట్ల మధ్య నుంచి పైకి లేచిన ఒక బోడి రాతి గుట్ట ఉంది. ఉదయపు నడకకు వచ్చినవారిలో చాలామంది దాని మీదికి ఎక్కి సూర్యోదయాన్ని చూసి దిగుతారు. గుట్ట పైభాగాన ఒక చిన్న రాతి కట్టడం నిలిచి ఉంటుంది. మొదటిసారి చూసినవారు దాన్ని ఏదో చిన్న గుడి అనుకుంటారు. దగ్గరకు వెళితే అందులో పూజలందుకునే మూలవిరాట్టు కనిపించదు. అది కావలి కాయడానికి కట్టిన బురుజు.

నగర వ్యవస్థాపకుడు కెంపేగౌడ పేరుతో పిలిచే నాలుగు బురుజులలో ఇది ఒకటి. ఒకప్పుడు ఇక్కడ నిలబడిన కావలివాడికి ఒకవైపు ఊరు, మిగిలిన వైపుల పొలాలు, చెరువులు, చిట్టడవులు కనిపించేవి. నేడు అదే చోట నిలబడినవారికి ఎటు చూసినా నగరమే కనిపిస్తుంది. ఊరి వెలుపలికి చూడటానికి కట్టిన బురుజు ఊరి నడిబొడ్డున ఎలా చిక్కుకుంది? దాని కింద ఉన్న రాయికి శాస్త్రవేత్తలు అంత విలువ ఎందుకు ఇస్తున్నారు? ఆ కొండ ఎక్కేవారు తెలుసుకోవలసిన విషయాలు ఇవి.

బురుజు ఎలా ఉంటుంది?

బురుజు అనగానే గోల్కొండలోనో, కర్నూలు కొండారెడ్డి బురుజులోనో కనిపించే భారీ గోడలు మనసులో మెదులుతాయి. లాల్‌బాగ్ బురుజు అలాంటిది కాదు. నాలుగు పలకలుగా, కొద్దిమంది మాత్రమే నిలబడగలిగినంత చిన్న రాతి మంటపం ఇది. దాని మీద గుడి శిఖరాన్ని తలపించే చిన్న గోపురం ఉంటుంది. కన్నడంలో కూడా దీన్ని ‘గోపుర’ అనే అంటారు. విజయనగర కాలపు వాస్తు ఛాయలు ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి.

కట్టడం చిన్నదైనా దానికి ఎత్తు కొరవడలేదు. ఆ ఎత్తును కొండే సమకూర్చింది. ఎత్తైన గోడలు కట్టే శ్రమ, ఖర్చు లేకుండా, సహజంగా ఉన్న రాతి గుట్టను పునాదిగా వాడుకుని పైన ఎండకు, వానకు తలదాచుకునే నీడను మాత్రమే నిర్మించారు.

కొండ మీది నుంచి ఎంత దూరం కనిపిస్తుంది?

భూమి గుండ్రంగా ఉండటం వల్ల చూపు చేరే దూరానికి ఒక హద్దు ఉంటుంది. చదునైన నేల మీద నిలబడిన మనిషికి దిగంతం సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అదే మనిషి చుట్టుపక్కల నేల కంటే 25 మీటర్ల ఎత్తున నిలబడితే ఆ దూరం దాదాపు 18 కిలోమీటర్లకు పెరుగుతుంది. మిట్టలు, చెట్లు అడ్డు వస్తే కొంత తగ్గవచ్చు. ఎత్తైన చెట్లు, దూరాన ఉన్న గుట్టల వంటివి అంతకంటే దూరం నుంచి కూడా కనిపించవచ్చు.

ఆ కాలపు యుద్ధరీతిని బట్టి చూస్తే ఇది చిన్న లాభం కాదు. ఎడ్లబండ్లతో, గుడారాలతో, ధాన్యపు బస్తాలతో కదిలే సైన్యానికి అంత దూరం నడవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పగటివేళ లేచే దుమ్ము, రాత్రివేళ వెలిగే నెగళ్లు సైన్యం రాకను ముందుగానే చెబుతాయి. కోట తలుపులు మూయడానికి, పశువులను లోపలికి తోలుకోవడానికి, ధాన్యం దాచుకోవడానికి ఆ ఒక్క రోజు వ్యవధి చాలు. శత్రువును ఆపే బలం ఈ బురుజుకు లేదు. ఊరికి ముందుగా కబురు అందించడమే దాని పని.

నాలుగు దిక్కులకు నాలుగు బురుజులు

లాల్‌బాగ్ బురుజు ఒంటరి కట్టడం కాదు. దక్షిణాన ఇది ఉండగా, ఉత్తరాన బళ్లారి రోడ్డులో మేఖ్రీ సర్కిల్ వద్ద ఒకటి, తూర్పున హలసూరు చెరువు సమీపంలో మరొకటి, పడమటి వైపు కెంపాంబుధి చెరువు గట్టున ఇంకొకటి ఉన్నాయి. వీటిలో రెండింటికి చెరువు పొరుగున ఉండటం గమనించదగ్గ విషయం. ఏడాది పొడవునా ప్రవహించే నది బెంగళూరుకు లేదు. వాన నీటిని ఆపుకున్న చెరువులే ఆ ఊరికి ప్రాణాధారం. అందువల్ల చెరువుకు కాపలా కాయడం ఊరికి కాపలా కాయడంతో సమానం.

బెంగళూరు పాత పేట నుంచి కొలిస్తే ఈ నాలుగు బురుజులలో ఏదీ వైమానిక దూరంలో ఆరు కిలోమీటర్లు దాటదు. లాల్‌బాగ్, కెంపాంబుధి బురుజులైతే రెండు, మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. నాటి ఊరు ఎంతటిదో, తన చుట్టూ ఎంత మేర నేలను అది తనదిగా భావించిందో ఈ దూరాలు తెలియజేస్తాయి.

ఊరికి పునాది వేసిన నాయకుడు

యలహంక ప్రాంతాన్ని పాలించిన నాయకుల వంశానికి చెందినవాడు మొదటి కెంపేగౌడ. ఈ పాలకులు విజయనగర సామ్రాజ్యానికి సామంతులు. 1537లో ఆయన బెంగళూరులో మట్టి కోట కట్టించి, దాని లోపల పేటలు ఏర్పాటు చేశాడు. ఆ సమయంలో విజయనగర సింహాసనం మీద ఉన్నవాడు అచ్యుతదేవరాయలు. నాలుగు జతల ఎడ్లకు నాగళ్లు పూన్చి, నాలుగు దిక్కులకు దున్నించి, ఆ చాళ్ల వెంట వీధులు వేయించాడని జనశ్రుతి.

ఆ పేటల పేర్లు నేటికీ నిలిచి ఉన్నాయి. అక్కిపేట బియ్యం వర్తకులది. కుంబారపేట కుమ్మరులది. గొల్లరపేట, బళేపేట, తరగుపేట వంటి పేర్లు కూడా అక్కడి వృత్తులను, సరుకులను చెబుతాయి. తెలుగువారికి ఈ పేర్లలో చాలావాటిని వివరించి చెప్పవలసిన అవసరం ఉండదు.

కెంపేగౌడకు తెలుగుతో మరింత దగ్గరి సంబంధం కూడా ఉంది. ‘గంగాగౌరీ విలాసం’ అనే తెలుగు యక్షగానాన్ని ఆయన రచనగా చెబుతారు. విజయనగర ఆస్థానంలో తెలుగుకు ఉన్న ఆదరణ తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. కన్నడ నేల మీద ఒక నగరానికి పునాది వేసిన నాయకుడి పేరు తెలుగు యక్షగాన సాహిత్య చరిత్రలోనూ వినిపించడం ఆ కాలపు భాషా సహజీవనానికి గుర్తు.

హద్దు దాటితే కీడు అన్న కథ

ఈ బురుజుల గురించి బెంగళూరులో తరతరాలుగా ఒక మాట వినిపిస్తుంది. ఊరు ఈ నాలుగు బురుజుల వరకు పెరుగుతుందని కెంపేగౌడ ముందే ఊహించాడని కొందరు చెబుతారు. ఆ హద్దు దాటి పెరిగితే ఊరికి కీడు కలుగుతుందని హెచ్చరించాడని మరికొందరు అంటారు. బురుజులను కట్టించింది ఎవరన్న దానిపైనా ఏకాభిప్రాయం లేదు. అవి మొదటి కెంపేగౌడ కట్టించినవని ఒక వాదం. ఆయన తరువాత అదే పేరుతో పాలించిన వారసుడి కాలం నాటివని మరో వాదం.

జోస్యాన్ని చరిత్రగా తీసుకోనవసరం లేదు. అయితే ఆ కథ ఇంతకాలం నిలవడానికి కారణం ఉంది. చెరువుల మీద ఆధారపడిన ఊరు, ఆ చెరువులు పోషించగలిగినంత వరకే పెరగాలన్నది ఇక్కడి ప్రజలకు అనుభవం నేర్పిన పాఠం. కెంపేగౌడ తవ్వించిన ధర్మాంబుధి చెరువు ఉన్న చోట నేడు మెజెస్టిక్ బస్ స్టేషన్ ఉంది. సంపంగి చెరువు ఉన్న చోట కంఠీరవ క్రీడా మైదానం వెలిసింది. ప్రస్తుతం బెంగళూరు తాగునీటిలో అధిక భాగం సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, కావేరి నది నుంచి పైకి ఎక్కించి తెచ్చినదే. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నగరవాసికి హద్దుల కథ పాత కథగా అనిపించదు.

చేతులు మారిన కోట, కదలని బురుజు

1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం బలహీనపడింది. 1638లో బీజాపూర్ సేనలు బెంగళూరును గెలుచుకున్నాయి. ఛత్రపతి శివాజీ తండ్రి షాహాజీకి అది జాగీరుగా దక్కింది. ఆ శతాబ్దం చివరలో మొగలుల చేతికి, వారి నుంచి మైసూరు పాలకుడు చిక్కదేవరాజ ఒడయరు చేతికి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో హైదర్ అలీ ఆధీనంలోకి వెళ్లింది. 1791లో మూడో మైసూరు యుద్ధంలో కార్న్‌వాలిస్ నాయకత్వంలోని ఈస్టిండియా కంపెనీ సైన్యం బెంగళూరు కోటను పట్టుకుంది.

ఫిరంగులు వచ్చిన తరువాత ఇలాంటి చిన్న బురుజుల సైనిక ప్రయోజనం తగ్గిపోయింది. లాల్‌బాగ్ బురుజు నిలిచి ఉండటానికి ఒక విధంగా తోటే కారణమైంది. 1760లో హైదర్ అలీ ఈ ప్రాంతంలో తోట వేయించాడు. ఆయన కుమారుడు టిప్పు సుల్తాన్ దాన్ని విస్తరించాడు. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానవనంగా మారింది. 1889లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను తలపించే గాజు మందిరానికి శంకుస్థాపన జరిగింది. గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా అక్కడ జరిగే పుష్ప ప్రదర్శనలు దేశమంతటా ప్రసిద్ధి పొందాయి. దాదాపు 240 ఎకరాల తోట చుట్టూ ఉండటం వల్ల కొండ మీదికి భవనాలు ఎగబాకలేదు.

కొండ వయసు 300 కోట్ల ఏళ్లు

బురుజు వయసును వందల ఏళ్లలో లెక్కిస్తే, దాని కింద ఉన్న రాయి వయసును కోట్ల ఏళ్లలో లెక్కించాలి. లాల్‌బాగ్ కొండ సుమారు 300 కోట్ల సంవత్సరాల నాటిదని భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. భూమి వయసు దాదాపు 450 కోట్ల ఏళ్లు. అంటే భూమి చరిత్రలో మూడింట రెండు వంతుల కాలాన్ని ఈ రాయి చూసింది. ఇది ఏర్పడినప్పుడు భూమి మీద సూక్ష్మజీవులు తప్ప మరో ప్రాణి లేదు. హిమాలయాలు పైకి లేవడం మొదలై సుమారు ఐదు కోట్ల ఏళ్లే అయింది.

శాస్త్ర పరిభాషలో ఈ రాతిని ‘పెనిన్సులర్ నైస్’ అంటారు. భూమి లోతుల్లో తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనైన పాత శిలలు రూపం మార్చుకుని ఇలా తయారవుతాయి. రాయిని దగ్గరగా చూస్తే తెల్లని, నల్లని చారలు అలలు అలలుగా కనిపిస్తాయి. తెల్లని చారలు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలవి. నల్లని చారలలో బయోటైట్ అనే అభ్రకం ఎక్కువగా ఉంటుంది. మెత్తబడిన రాయి మడతలు పడి, మళ్లీ గట్టిపడిందనడానికి ఆ వంపులే సాక్ష్యం. పైన ఉన్న పొరలు కోట్ల ఏళ్ల పాటు అరిగిపోగా లోతుల్లోని రాయి బయటపడింది.

మైసూరు సంస్థాన భూగర్భ శాఖలో పనిచేసిన డబ్ల్యూ.ఎఫ్. స్మీత్ 1916లో ఈ శిలలకు ఆ పేరు పెట్టారు. దక్షిణ భారతదేశంలో అత్యధిక భాగానికి ఇలాంటి ప్రాచీన శిలలే పునాది. రాయలసీమలోనూ, తెలంగాణలోనూ కనిపించే అనేక రాతి గుట్టలు ఈ పురాతన శిలా కుటుంబానికి దగ్గరివే.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ లాల్‌బాగ్ కొండను జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఆ వివరాలు తెలిపే ఫలకం కొండ వద్ద ఉంది. తిరుమలలోని శిలాతోరణం, విశాఖపట్నం సమీపంలోని ఎర్రమట్టి దిబ్బలు కూడా ఇదే కోవలో గుర్తింపు పొందిన స్థలాలు.

గుర్తింపు ఉంటే రక్షణ ఉన్నట్టేనా?

ఈ ప్రశ్నకు సమాధానం సులభం కాదు. పురావస్తు శాఖ రక్షిత కట్టడాలకు ప్రత్యేక చట్టం ఉంది. వాటి చుట్టూ నిర్ణీత దూరంలో నిర్మాణాలపై ఆంక్షలు ఉంటాయి. భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించినంత మాత్రాన ఒక రాతికి ఆ స్థాయి చట్టబద్ధ రక్షణ లభించదు. ఇలాంటి స్థలాల పరిరక్షణ కోసం కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది.

లాల్‌బాగ్‌కు ఉన్న ఒక బలం 1975 నాటి కర్ణాటక ప్రభుత్వ ఉద్యానవనాల పరిరక్షణ చట్టం. కబ్బన్ పార్కుతో పాటు లాల్‌బాగ్ కూడా దాని పరిధిలో ఉంది. కొండను, బురుజును విడివిడిగా కాక తోటలో భాగంగా ఆ చట్టం కాపాడుతోంది.

ఆ రక్షణ ఎంత గట్టిదన్న చర్చ 2025లో మరోసారి ముందుకు వచ్చింది. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు కూడలి వరకు ప్రతిపాదించిన సొరంగ రహదారికి లాల్‌బాగ్ వద్ద స్థలం అవసరమవుతుందన్న అంశంపై పర్యావరణవాదులు, స్థానికులు అభ్యంతరం తెలిపారు. ప్రాచీన శిలకు హాని జరగవచ్చన్నది వారి ఆందోళన. ఉద్యానవనానికి నష్టం కలగనివ్వబోమని ప్రభుత్వం చెప్పింది. ట్రాఫిక్ సమస్యకు పరిష్కారం కావాలని కోరేవారూ, రాతిని ముట్టుకోవద్దని కోరేవారూ ఒకే నగరవాసులు కావడమే ఇందులోని చిక్కు. చెట్టును మళ్లీ నాటవచ్చు. కూలిన గోడను మళ్లీ కట్టవచ్చు. తొలిచిన రాతిని మాత్రం మళ్లీ తెచ్చి పెట్టే దారి లేదు.

వెళ్లి చూడాలనుకునేవారికి

నమ్మ మెట్రో గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ పేరుతోనే స్టేషన్ ఉంది. ఆ మార్గం 2017 నుంచి అందుబాటులో ఉంది. ఉద్యానవనానికి నాలుగు వైపులా ద్వారాలు ఉన్నాయి. డబుల్ రోడ్డు వైపు ప్రధాన ద్వారం నుంచి లోపలికి వెళితే కొండ దగ్గర పడుతుంది. వాలు మెల్లగా ఉండటం వల్ల పెద్దవారు కూడా నింపాదిగా ఎక్కగలరు.

ఎండవేళ రాయి బాగా కాగుతుంది. కాబట్టి ఉదయం, సాయంత్రం అనుకూలమైన వేళలు. వాన పడినప్పుడు నాచు పట్టిన చోట్ల జారే ప్రమాదం ఉంటుంది. పుష్ప ప్రదర్శన రోజులలో రద్దీ విపరీతంగా ఉంటుంది కనుక ప్రశాంతంగా చూడాలనుకునేవారు ఆ రోజులు తప్పించుకోవడం మేలు. రాతి మీద, బురుజు గోడల మీద పేర్లు చెక్కడం, రంగులు పూయడం మానుకోవాలి.

పైకి చేరాక ముందుగా కాళ్ల కింది రాయిలో చారలను చూడాలి. తరువాత బురుజు చుట్టూ ఒకసారి తిరగాలి. ఆ తరువాత ఉత్తరం వైపు, పాత పేట ఉన్న దిక్కుకు చూడాలి. అప్పట్లో కావలివాడు వీపు తిప్పి నిలిచిన ఊరు అది. వాహనం ఉంటే అదే రోజు మేఖ్రీ సర్కిల్ బురుజును, కెంపాంబుధి బురుజును కూడా చూడవచ్చు. వాటిని వరుసగా చూసినవారికి పాత బెంగళూరు ఎంత పరిధిలో ఉండేదో పటం అవసరం లేకుండానే అర్థమవుతుంది.

కొత్త పొలిమేర ఎక్కడ?

2011 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరు నగరపాలక పరిధిలో సుమారు 84 లక్షల మంది ఉన్నారు. వారిలో తెలుగు మాట్లాడేవారు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. చదువు కోసం, ఉద్యోగం కోసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చే యువత సంఖ్య ఆ తరువాత మరింత పెరిగింది. నగరం పెరిగిన కారణాలలో వారూ ఒకరు. నీటి కొరత, ట్రాఫిక్ భారం మోస్తున్నవారిలోనూ వారూ ఒకరు.

దేవనహళ్లి వద్ద ఉన్న అంతర్జాతీయ విమానాశ్రయానికి కెంపేగౌడ పేరే పెట్టారు. అక్కడ 2022 నవంబరులో ఆయన 108 అడుగుల కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించారు. పాత పేట నుంచి విమానాశ్రయానికి 30 కిలోమీటర్లకు పైగా దూరం. మేఖ్రీ సర్కిల్ బురుజు ఆ దారిలోనే ఉంటుంది. విమానం అందుకోవడానికి హడావిడిగా వెళ్లేవారు ఊరి పాత ఉత్తరపు పొలిమేరను దాటుతున్నామని గమనించకుండానే దాటిపోతుంటారు.

నాలుగు బురుజులు కట్టించిన పాలకులకు ఊరు ఎక్కడితో ఆగుతుందో స్పష్టమైన ఊహ ఉండేది. నేటి బెంగళూరుకు అలాంటి హద్దును ఎవరూ గీయలేదు. ఎన్ని చెరువులు మిగిలి ఉన్నాయి, ఎంత నీరు తేగలరు, ఎంత రాతిని తొలచవచ్చు అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులే ఇకపై దాని పొలిమేరను నిర్ణయిస్తాయి. లాల్‌బాగ్ కొండ మీద పది నిమిషాలు నిలబడి నాలుగు వైపులా చూసినవారికి ఆ ప్రశ్నలు ఎవరూ అడగకుండానే ఎదురవుతాయి.